లేజర్ తర్వాత మొటిమలు తగ్గలేదా? ముఖం నల్లబడిందా?

సమస్య: లేజర్ పడిన చోట కొద్ది రోజులకే గోధుమ రంగు మచ్చలు తేలాయి.

కారణం: దక్షిణ తెలంగాణలో మనలో ఎక్కువమందిది చామనఛాయ. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కూడా లేజర్ కాంతిని పీల్చుకుని వేడెక్కుతుంది. ఎర్రగా వాచిన మొటిమలకు వాడే 595 నానోమీటర్ల (ఈ అంకె కాంతి తరంగదైర్ఘ్యం) పల్స్‌డ్ డై లేజర్‌తో ఈ ఇబ్బంది ఎక్కువ. 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ లేజర్‌ను మెలనిన్ తక్కువగా పీల్చుకుంటుంది కాబట్టి మన చర్మానికి కాస్త నయం. లేజర్ వేడికి ఎండ తోడవుతుంది. మే నెల మిట్టమధ్యాహ్నం దేవరకొండ నుంచి నల్గొండకు బైకు మీద వస్తే, స్కార్ఫ్ ఎంత బిగించి కట్టినా నుదురు, కళ్ల చుట్టూ చర్మం మాడుతూనే ఉంటుంది.

పరిష్కారం: ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) 30కి తగ్గని సన్‌స్క్రీన్‌ను చూపుడువేలు, మధ్యవేలు పొడవునా తీసుకుని ముఖమంతా రాయండి. బయట తిరిగేటప్పుడు రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. మొటిమలను గిల్లవద్దు. మచ్చలు పలచబడటానికి నెలలు పడుతుంది, కంగారు పడకండి. తర్వాతి విడత వాయిదా వేయమని డాక్టరును అడగండి. అసలు వానలు పడ్డాక మొదలుపెట్టడమే మంచిదని నా అభిప్రాయం.

సమస్య: వాపు తగ్గింది, కానీ కొత్త మొటిమలు వస్తూనే ఉన్నాయి.

కారణం: చాలా లేజర్లు ఉన్న వాపును తగ్గిస్తాయే తప్ప చర్మ రంధ్రాలు పూడుకుపోవడాన్ని ఆపలేవు. నూనె గ్రంథుల మీదే పనిచేసే 1726 నానోమీటర్ల లేజర్‌కు అమెరికాలో 2022లో అనుమతి వచ్చింది. గడ్డం అంచున మొటిమలు, నెలసరి తప్పడం రెండూ ఉంటే హార్మోన్ల పరీక్ష చేయించాలి.

పరిష్కారం: రాత్రిపూట రంధ్రాలు పూడుకుపోకుండా చూసే అడాపలిన్ పూత, డాక్టరు చెబితే మొటిమల క్రిములను చంపే బెంజాయిల్ పెరాక్సైడ్. ఫలితం తెలియడానికి కనీసం ఎనిమిది వారాలు పడుతుంది. మధ్యలో మానేయవద్దు.

సమస్య: క్రీము రాసినంత కాలం ముఖం తెల్లగా, నున్నగా ఉంటుంది. ఆపగానే మంట, ఎర్రటి పొక్కులు.

కారణం: స్టెరాయిడ్. మెడికల్ షాపులో అడగగానే ఇచ్చిన ఆ ట్యూబును తిప్పి చూడండి. సన్నటి అక్షరాల్లో బీటామెథాసోన్ అనో క్లోబెటాసోల్ అనో ఉంటుంది.

పరిష్కారం: ఇది లేజర్‌తో తీరేది కాదు. ట్యూబు పట్టుకుని నల్గొండ లేదా మహబూబ్‌నగర్ ప్రభుత్వ ఆసుపత్రి చర్మ విభాగానికి వెళ్లండి. హైదరాబాద్‌లో లేజర్ ప్యాకేజీకి డబ్బు కట్టేముందే ఈ పని చేయండి.

సమస్య: లేజర్ చేసిన రోజే నీటి బొబ్బలు.

పరిష్కారం: అది కాలిన గాయం. చల్లటి నీటితో తడపండి, చిదపవద్దు, టూత్‌పేస్టు పూయవద్దు. అదే రోజు డాక్టరుకు చూపించండి.