ఫోర్ వీల్ డ్రైవ్ పడట్లేదా? ట్రాన్స్‌ఫర్ కేస్ జోలికి వెళ్లే ముందు పైపులు చూడండి

సెకండ్ హ్యాండ్‌లో ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొన్నవాళ్లు ఎక్కువగా చెప్పేది ఇదే: "లివర్ వేశాను, ముందు చక్రాలు లాగట్లేదు." ఆ వెంటనే వచ్చే మాట, "ట్రాన్స్‌ఫర్ కేస్ పోయినట్టుంది." పోలేదండీ. ఇంజిన్ శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే ఆ పెట్టె చాలాసార్లు నిక్షేపంగా ఉంటుంది. ఇక్కడ రాసేది అవసరమైనప్పుడు మనమే వేసుకునే పార్ట్‌టైమ్ బండ్ల గురించి, అందులోనూ ముందు యాక్సిల్‌ని (ముందు చక్రాలను తిప్పే ఇరుసుని) వాక్యూమ్‌తో, అంటే గాలిని పీల్చే బలంతో కలిపేవాటి గురించి. జాకీ వేయడం, చక్రాలకు అడ్డు పెట్టడం మీకు వచ్చనే అనుకుంటున్నాను.

ముందు ఒక చక్రం ఎత్తి చూడండి

ఈ ఒక్క పని ఎవరూ చేయరు. డ్యాష్‌బోర్డు మీద లైటు చూసి తీర్పు చెప్పేస్తారు. చాలా బండ్లలో ఆ లైటు ట్రాన్స్‌ఫర్ కేస్ మీదుండే చిన్న స్విచ్ చెప్పిన మాటే చెబుతుంది. దూరంగా యాక్సిల్ కలిసిందో లేదో దానికి తెలియదు. స్విచ్‌లో తుప్పు పడితే అంతా సరిగ్గా కలిసినా లైటు వెలగదు.

ఇంజిన్ నడుస్తుండగా ఫోర్ హై (నాలుగు చక్రాలూ లాగే మామూలు స్థానం) వేసి, మట్టి మీద నాలుగడుగులు ముందుకు పోనిచ్చి ఆపండి. ఫస్ట్ గేర్‌లో పెట్టి ఇంజిన్ ఆపేయండి. వెనక చక్రాలకు రెండు వైపులా అడ్డు పెట్టి, ముందు చక్రం ఒకటి నేల విడిచేదాకా ఎత్తి, కింద స్టాండు పెట్టి, చేత్తో తిప్పండి. ఆలస్యం చేయొద్దు, కొన్ని బండ్లలో ఇంజిన్ ఆగిన కాసేపటికి వాక్యూమ్ దిగిపోయి యాక్సిల్ విడిపోతుంది. చక్రం గాల్లో ఉండగా మాత్రం ఇంజిన్ స్టార్ట్ చేసి గేర్ వేయొద్దు, బండి జాకీ మీంచి దూకుతుంది.

చక్రం కదలకపోతే ఫోర్ వీల్ డ్రైవ్ పడింది, తప్పు లైటుది. చక్రంతోపాటు ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ (ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి ముందు యాక్సిల్‌కి వెళ్లే పొడుగు కడ్డీ) కూడా తిరిగితే ట్రాన్స్‌ఫర్ కేస్ పట్టలేదు. అప్పుడైనా సరే, ముందు లివర్ కింద కడ్డీల కీళ్లు (లింకేజీ బుష్‌లు) అరిగాయేమో చూడండి, లోపలికి తర్వాత పోదాం. చక్రం తిరుగుతున్నా షాఫ్ట్ కదలకుండా ఉంటే లోపం ముందు యాక్సిల్ కలిసే చోట ఉన్నట్టు. ఎక్కువ బండ్లు తేలేది ఇక్కడే. మాన్యువల్ హబ్‌లు (చక్రం మధ్యలో చేత్తో తిప్పి లాక్ చేసేవి) ఉన్న బండి అయితే వాటిని లాక్‌కి తిప్పారా? నవ్వకండి, మర్చిపోయేవాళ్లు చాలామందే ఉన్నారు.

లివర్ పడింది కానీ వెనక్కి రావట్లేదు

తారు రోడ్డు మీద ఫోర్ హైలో మలుపు తిరిగి ఉంటారు. మలుపులో ముందు చక్రాలు వెనకవాటికన్నా ఎక్కువ దూరం తిరగాలి. రెండు షాఫ్టులూ ఒకే వేగంతో బిగిసి ఉంటాయి, రోడ్డు టైరుని జారనివ్వదు, మధ్యలో గేర్లు ముడిపడిపోతాయి. స్టీరింగ్ నేరుగా పెట్టి కొన్ని మీటర్లు రివర్స్ పోతే వదిలేస్తుంది. నేరుగా వెళ్తున్నా బిగుస్తోందంటే నాలుగు టైర్ల చుట్టుకొలత టేపుతో కొలవండి. టైరు మీద రాసిన సైజు ఒకటే అయినా ముందు కొత్తవి, వెనక అరిగినవి ఉంటే ఇదే గొడవ.

అసలు దొంగ: వాక్యూమ్

నన్ను బాగా ఏడిపించింది ఇదే. లక్షణం ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు పడుతుంది, ఇంజిన్ వేడెక్కాక పడదు. చదునులో పట్టుకుంటుంది, ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కగానే ముందు నుంచి గరగరమని వదిలేస్తుంది. ఆ శబ్దం వినగానే జనం గేర్లు అరిగిపోయాయని ఖాయం చేసుకుంటారు.

జరిగేది ఇది. ఇంజిన్ దగ్గర పుట్టిన వాక్యూమ్ సన్నటి రబ్బరు పైపుల్లోంచి సొలినాయిడ్‌ల (కరెంటుతో తెరుచుకునే వాల్వుల) మీదుగా యాక్సిల్ మీది యాక్చుయేటర్‌కి (యాక్సిల్‌ని కలిపే డబ్బాకి) వెళ్తుంది. అందులోని డయాఫ్రమ్ (పల్చటి పొర) లాగితేనే యాక్సిల్ కలుస్తుంది. పెట్రోల్ ఇంజిన్‌లో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు మానిఫోల్డ్‌లో (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టంలో) వాక్యూమ్ దాదాపు సున్నాకు పడిపోతుంది. ఆ కాసేపూ నిలబెట్టడానికే చిన్న ట్యాంకు, దానికో చెక్ వాల్వ్. వాల్వ్ పాడైతే ట్యాంకులోది వెనక్కి పోతుంది, సరిగ్గా మీకు అవసరమైన చోటే డ్రైవ్ ఊడుతుంది. వాల్వ్ తీసి నోటితో ఊదండి. గాలి ఒకవైపే పోవాలి, రెండు వైపులా పోతే మార్చేయండి. డీజిల్‌లో వాక్యూమ్‌కి వేరే పంపు ఉంటుంది. బ్రేక్ పెడల్ కూడా గట్టిగా అనిపిస్తుంటే అనుమానం పంపు మీద, బ్రేక్ బూస్టర్ (అదే వాక్యూమ్‌తో బ్రేక్‌కి బలమిచ్చేది) లైను మీద పెట్టండి. అది తేలేదాకా బండి రోడ్డు మీదకు తీయొద్దు.

అందరూ మోసపోయేది వేలి పరీక్షలో. యాక్చుయేటర్ దగ్గర పైపు పీకి, వేలు పెట్టి, "లాగుతోంది, బాగానే ఉంది" అంటారు. సన్నటి చీలిక ఉన్న పైపు కూడా వేలిని లాగుతుంది. డయాఫ్రమ్‌ని లాగి నిలబెట్టే బలం దానికి చాలకపోవచ్చు. అందుకే గేజీ ఉన్న చేతి వాక్యూమ్ పంపు కావాలి. యాక్చుయేటర్‌కే నేరుగా తగిలించి 15 నుంచి 20 అంగుళాల పాదరసం దాకా లాగండి. లోపల కదిలిన చప్పుడు వినిపించాలి, ముల్లు నిమిషంపాటు కదలకూడదు. దిగిపోతే డయాఫ్రమ్ చిరిగింది. నిలబడితే యాక్చుయేటర్ మంచిదే, దాన్ని కొనకండి. ఇక పైపు ఒక చివర మూసి రెండో చివర పంపు పెట్టండి. ముల్లు దిగితే పైపుని సగం సగం చేసుకుంటూ పోండి.

చీలిక ఎక్కువగా కనబడని చోటే ఉంటుంది: నిపుల్ (పైపు తగిలించే మూతి) మీదకు ఎక్కే చివరి సెంటీమీటరులో, కింది వైపు. పైనుంచి చూస్తే రబ్బరు నల్లగా, నిగనిగలాడుతూ ఉంటుంది. పైపు తీసి చివరను వేళ్లతో వంచితే సన్నటి గీత నోరు తెరుస్తుంది. చల్లగా ఉన్నప్పుడు మూసుకుని, వేడికి రబ్బరు మెత్తబడగానే తెరుచుకునేది ఈ గీతే. పైపు పొడవు సరిపోతే ఆ ముక్క కోసేసి మళ్లీ ఎక్కించండి, పని అయిపోయినట్టే. టేపు చుట్టడం, జిగురు పూయడం వారం ముచ్చట. కొత్తది వేస్తే వాక్యూమ్ కోసం చేసిన పైపే వేయండి. పల్చటి మామూలు పైపు లోపలికి నొక్కుకుపోయి దారి మూసేస్తుంది.

పైపులు బాగుంటే రెండు చోట్లు చూడండి. ఒకటి, సొలినాయిడ్ గాలి పీల్చే చిన్న ఫోమ్ ఫిల్టరు. బురద పట్టి అది మూసుకుపోతే యాక్చుయేటర్ రెండో వైపు గాలి అందక అది కదలదు. రెండు, రెండు పైపులున్న యాక్చుయేటర్‌లో పాత ఓనరు వాటిని తారుమారు చేసి ఉండొచ్చు. టూ హైలో (వెనక చక్రాలే లాగేటప్పుడు) యాక్సిల్ కలిసి, ఫోర్ హైలో విడిపోతుంటే ఇదే. ఏదో ఒక పైపులో స్క్రూ దూర్చి మూసేసిన బండ్లు కూడా చూశాను.

మిగతావి

ఫ్యూజు, సొలినాయిడ్ కనెక్టర్‌లో తుప్పు: ఐదు నిమిషాల పని, చూసేయండి. షిఫ్ట్ మోటారు కాలిపోవడం స్విచ్‌తో వేసే బండ్లలో అప్పుడప్పుడూ ఉంటుంది. ట్రాన్స్‌ఫర్ కేస్ లోపల గొలుసు సాగితే బరువు మీద టకటకమని ఎగురుతున్న శబ్దం వస్తుంది. లోపల గేర్‌ని జరిపే ఫోర్క్ విరగడం అరుదు. ఈ రెండూ విప్పి చూడాల్సినవే, పైన చెప్పినవన్నీ దాటాకే ఆ పని పెట్టుకోండి.