‘థింగ్’ అనే మాట పుట్టుకను వెదకడం ఎలా?

ఒక మాట ఇంగ్లీషు, జర్మన్, డచ్, డేనిష్ వంటివి చేరిన జర్మానిక్ కుటుంబపు భాషలన్నింటికీ ఉమ్మడి ఆస్తి అవునో కాదో తేల్చాలంటే, అర్థం జోలికి పోకుండా ముందు ధ్వనులను సరిచూడాలి. వస్తువు అనే అర్థంలో ఇంగ్లీషు వారు వాడే ‘థింగ్’ జర్మన్, డచ్ భాషల్లో ‘డింగ్’గా, డేనిష్‌లో ‘టింగ్’గా కనిపిస్తుంది. ఈ తేడా ఒక్క మాటకే పరిమితమైతే అనుమానించవలసిందే. కానీ ముల్లు అనే అర్థమున్న ‘థోర్న్’ కూడా జర్మన్‌లో ‘డోర్న్’గా, డేనిష్‌లో ‘టోర్న్’గా ఉంది. మన ‘చెయ్యి’ కన్నడంలో ‘కై’ అయినట్టే, ఇదీ ఒక క్రమం ప్రకారం జరిగిన మార్పు.

తరువాత పాత రాతల్లోని అర్థాన్ని చూడాలి. అసలు విశేషం ఇక్కడే ఉంది. ఇంగ్లండ్‌లోని పాత రాజ్యాల్లో ఒకటైన కెంట్ 7వ శతాబ్దపు చట్టాలలో ఈ మాటకు వస్తువు అని కాక, జనం కూడే సభ అని అర్థం. ఐస్‌లాండ్‌లో 930 ప్రాంతంలో మొదలైన ‘ఆల్‌థింగ్’ అంటే అందరి సభ. అది కూడిన ‘థింగ్‌వెల్లిర్’ అంటే సభా మైదానం. నార్వే పార్లమెంటు ‘స్టోర్టింగ్’, డెన్మార్క్ పార్లమెంటు ‘ఫోల్కెటింగ్’ పేర్లలో ఆ పాత అర్థం నేటికీ నిలిచి ఉంది. వాడుకలో అరిగిపోయిన అర్థాలు సంస్థల పేర్లలోనూ ఊళ్ల పేర్లలోనూ దాగి ఉంటాయి కనుక, నిఘంటువుతో పాటు పటాన్నీ దగ్గర పెట్టుకోవడం మంచిది.

ఇక సభ వస్తువుగా ఎలా మారింది? సభ ముందుకు వచ్చిన తగవు, ఆ తగవులోని విషయం, ఆపైన ఏ విషయమైనా, చివరకు ఏ వస్తువైనా అన్న మెట్ల మీదుగా అర్థం జారింది. ఇటువంటి ఊహకు మరో భాషలో సాక్ష్యం వెదకాలి. వ్యాజ్యం అనే అర్థం కూడా ఉన్న లాటిన్ ‘కౌసా’యే ఇటాలియన్‌లో వస్తువును సూచించే ‘కోసా’ అయింది. అంత దూరం పోనక్కరలేదు: సంస్కృతంలో కలయిక అని అర్థమున్న ‘సంగతి’ని మనం విషయం అనే అర్థంలో రోజూ వాడుతున్నాం.

అరువు మాటలను మాత్రం సాక్ష్యాల జాబితాలో చేర్చకూడదు. ఎన్నికల ప్రచార సభలను ఇంగ్లీషులో ‘హస్టింగ్స్’ అంటారు. అందులోనూ ఈ ‘థింగ్’ ఉన్నది గానీ, అది స్కాండినేవియా వారి పాత భాష అయిన పాత నార్స్‌లోని ‘హూస్‌థింగ్’, అనగా ఇంటి సభ, నుంచి వచ్చి చేరినది.