లాక్‌డౌన్ ఫోటోలు చదవడం, మూడో పాఠం: ఫోటోగ్రాఫర్ ఎక్కడ నిలబడ్డాడు?

రెండో పాఠం చివర ఒక పని ఇచ్చాను. 2020 నాటి లాక్‌డౌన్ ఫోటో ఒకటి తీసుకుని, క్యాప్షన్‌ని చేత్తో మూసేసి, కంటికి కనిపించేది మాత్రమే రాయమన్నాను. ఈ పని మొదటిసారి చేసేవాళ్లు దాదాపు అందరూ ఒకేచోట జారతారు. రెండు లైన్లు చూసింది రాస్తారు, మూడో లైన్లో "ఈ ఫోటో గుండెను పిండేస్తుంది" అని వచ్చి కూర్చుంటుంది. పిండనివ్వండి, తప్పేం లేదు. కాకపోతే అది మీ గుండె సంగతి. ప్రాజెక్టు దిద్దే మాస్టారికి కావాల్సింది ఫోటో సంగతి.

ఈ పాఠంలో ప్రశ్న ఒక్కటే. ఇది తీసిన మనిషి ఆ క్షణంలో ఎక్కడ నిలబడి ఉన్నాడు?

మామూలు రోజుల్లో ఈ ప్రశ్నను ఎవరూ పెద్దగా పట్టించుకోరు. పెళ్లి ఫోటోగ్రాఫర్ మండపంలో ఎక్కడ కావాలంటే అక్కడికి దూరిపోతాడు. లాక్‌డౌన్‌లో అలా కుదరలేదు. 2020 మార్చి 24 రాత్రి 8 గంటలకు ప్రధాని టీవీలో కనిపించి, అర్ధరాత్రి నుంచి 21 రోజుల పాటు దేశంలో ఎవరూ ఇల్లు కదలొద్దన్నారు. ఆ తర్వాత రోడ్డు మీద ఊరికే నిలబడాలన్నా ఏదో ఒక కారణం చూపించాల్సి వచ్చింది. ప్రెస్ కార్డు ఉన్నవాడు చెక్‌పోస్టు దాటాడు. మిగతావాళ్లం డాబా ఎక్కాం. అందుకే ఆ కాలపు ఫోటోల్లో చాలావరకు రెండు జాతులే: రోడ్డు ఫోటోలు, బాల్కనీ ఫోటోలు. నా దగ్గరున్నవన్నీ రెండో జాతివే. మా డాబా మీంచి ఖాళీ వీధిని నలభై సార్లు తీసి ఉంటాను. ఇప్పుడు చూస్తే ముప్ఫై తొమ్మిదికీ తేడా తెలియదు. మిగిలిన ఒక్కదాంట్లో పాలప్యాకెట్ల కుర్రాడున్నాడు, అదొక్కటే ఫోటో.

అలాగని బాల్కనీ ఫోటో అంటే చిన్నచూపు వద్దు. ఇటలీలోని బెర్గమోలో 2020 మార్చి 18 రాత్రి సైనిక ట్రక్కులు వరసగా వెళుతున్న ఫోటో మీరు చూసే ఉంటారు. ఊళ్లో దహనాలకు చోటు చాలక శవపేటికల్ని వేరే ప్రాంతాలకు తరలిస్తున్న ట్రక్కులవి. తీసింది పత్రికల మనిషి కాదు, తన బాల్కనీలో ఫోన్ పట్టుకుని నిలబడ్డ ఒక యువకుడు. అందులో ఒక్క మనిషి మొహమైనా లేదు. కానీ అతను కింద ఫుట్‌పాత్ మీద ఉండి ఉంటే ఒకటో రెండో ట్రక్కులు వచ్చేవి, వరస వచ్చేది కాదు. ఇల్లు దాటకూడని మనిషి పైనుంచి చూస్తున్నాడన్న సంగతి ఆ ఎత్తులోనే ఉంది.

ఫోటో చూసి కెమెరా ఎత్తు ఎలా కనిపెట్టాలో చూద్దాం. దీనికి ఊహ అక్కర్లేదు, స్కేలు చాలు. నేల చదునుగా ఉన్నచోట, నేలా ఆకాశం కలిసే గీత ఫోటోలో ఎప్పుడూ కెమెరా ఎత్తులోనే పడుతుంది. హైవే మీద నడుస్తున్నవాళ్ల ఫోటో తీసుకోండి. ఆ గీత వాళ్ల కళ్ల మీదుగా పోతుంటే ఫోటోగ్రాఫర్ కూడా వాళ్లలాగే నిలబడి తీశాడన్నమాట. నడుం మీదుగా పోతుంటే మోకాళ్ల మీద కూర్చున్నాడు. తలల కంటే పైనుంటే ఏ వంతెనో, గోడో ఎక్కాడు. చెట్లూ బిల్డింగులూ అడ్డమొచ్చి గీత కనపడకపోతే, తిన్నగా పోయే రోడ్డు రెండు అంచుల్నీ స్కేలుతో పొడిగించండి. అవి కలిసిన చోటే ఆ గీత ఉంటుంది. ప్రింటు మీద పెన్సిల్‌తో గీయడానికి మొహమాటపడకండి. నేను ఫోటోలు చదవడం నేర్చుకుంది పాత పేపర్ల మీద గీతలు గీసే.

కిందినుంచి తీస్తే మనిషి గొప్పగా కనిపిస్తాడనీ, పైనుంచి తీస్తే అల్పంగా కనిపిస్తాడనీ పుస్తకాల్లో ఉంటుంది. అది నమ్మి అన్నిచోట్లా అతికిస్తే బోల్తా పడతారు. ఢిల్లీలో 2021 ఏప్రిల్ 19 రాత్రి మళ్లీ లాక్‌డౌన్ పెట్టారు. మూడు రోజుల తర్వాత, ఏప్రిల్ 22న, రాయిటర్స్ ఫోటోగ్రాఫర్ డానిష్ సిద్దిఖీ అక్కడి శ్మశానాన్ని డ్రోన్‌తో తీశారు. మంటలు, మంటల పక్కన మంటలు. అక్కడ ఎత్తు ఎవరినీ అల్పం చేయలేదు. నేల మీద నిలబడితే ఒక చితి, దాని పక్కన ఒక కుటుంబం కనిపిస్తాయి. పైకి వెళితేనే ఎన్ని చితులున్నాయో తెలుస్తుంది. అయితే ఆ లెక్క ఊరికే రాలేదు, మొహాలు పోయాయి. ఎత్తు గురించి రాసేటప్పుడు ఏం వచ్చిందో, ఏం పోయిందో రెండూ రాయండి. శ్మశానాన్ని అలా లోకానికి చూపించొచ్చా అని అప్పట్లో చాలామంది అభ్యంతరం చెప్పారు, ఆ వాదన ఐదో పాఠంలో చూద్దాం. భారత్‌లో కోవిడ్ మీద తీసిన ఫోటోలకు సిద్దిఖీకి, మరో ముగ్గురు రాయిటర్స్ ఫోటోగ్రాఫర్లకు 2022లో పులిట్జర్ వచ్చింది. అప్పటికి ఆయన లేరు. 2021 జూలైలో అఫ్గానిస్తాన్‌లో పనిలో ఉండగానే చంపేశారు.

ఇక దూరం. ఈ పాఠంలో అసలు సరుకు ఇదే, కాస్త నిదానంగా చదవండి.

2020 మే 4న ఆంధ్రప్రదేశ్‌లో మద్యం షాపులు తెరిచారు. ఆ వారం క్యూల ఫోటోలు ఒకటా రెండా! ఒక ఫోటోలో మనుషులు ఒకరి వీపు మీద ఒకరు పడ్డట్టుంటారు. ఇంకో ఫోటోలో బుద్ధిగా గుండ్రాల్లో నిలబడి ఉంటారు. రెండూ ఒకే క్యూ కావచ్చు, ఒకే నిమిషం కూడా కావచ్చు. ఇది నా ఊహ కాదు. 2020 ఏప్రిల్‌లో డెన్మార్క్‌లో ఒక ఫోటో ఏజెన్సీ వాళ్లు దీన్ని చేసి చూపించారు. బయట తిరుగుతున్న అవే గుంపుల్ని ఒకసారి వైడ్ లెన్స్‌తో (ఎక్కువ వెడల్పు పట్టేది), ఒకసారి టెలీ లెన్స్‌తో (దూరంగా ఉన్నదాన్ని దగ్గరగా చూపించేది) తీసి పక్కపక్కన పెట్టారు. టెలీ ఫోటోలో జనం ఇరుక్కుపోయి ఉన్నారు, వైడ్ ఫోటోలో దర్జాగా ఎడం పాటిస్తున్నారు.

ఇందులో మాయేమీ లేదు, లెక్కే. ఇంట్లోంచి రెండు ప్లాస్టిక్ కుర్చీలు బయటికి తెచ్చి ఒకదాని వెనక ఒకటి, మధ్యలో 2 మీటర్ల ఎడంతో వేయండి. మొదటి కుర్చీకి 2 మీటర్ల దూరంలో నిలబడి ఫోన్‌తో తీయండి. వెనక కుర్చీ మీకు 4 మీటర్ల దూరంలో ఉంది కాబట్టి ఫోటోలో ముందుదానిలో సగమే ఉంటుంది. ఇప్పుడు మొదటి కుర్చీకి 20 మీటర్ల దూరం వచ్చేదాకా వెనక్కి వెళ్లి, జూమ్ చేసి తీయండి. ఒకటి 20 మీటర్లు, ఇంకోటి 22. రెండూ దాదాపు ఒకే సైజులో కనిపిస్తాయి. మధ్యలో ఉన్న 2 మీటర్లు ఎవరో మింగేసినట్టు ఉంటుంది. అందరూ లెన్స్‌ని తిడతారు గానీ దానికేం పాపం తెలియదు. ఆ 20 మీటర్ల నుంచే జూమ్ లేకుండా తీసి, గ్యాలరీలో కుర్చీల వరకు క్రాప్ చేసి చూడండి, క్లారిటీ తగ్గుతుంది గానీ అదే ఫోటో వస్తుంది. ఎడాన్ని మింగింది దూరం.

మరి ఎవరో తీసిన ఫోటోలో దూరాన్ని ఎలా పట్టుకోవాలి? ఈ విషయంలో మన లాక్‌డౌన్ ఫోటోలు మనకొక మేలు చేసి పెట్టాయి. కిరాణా షాపు ముందు, కూరగాయల మార్కెట్లో, మందుల షాపు దగ్గర ముగ్గుతోనో సున్నంతోనో పెయింటుతోనో గీసిన గుండ్రాలు గుర్తున్నాయా? నేల మీద గుండ్రంగా ఉన్నది ఫోటోలో కోడిగుడ్డులా పడుతుంది. ఆ గుడ్డు వెడల్పూ ఎత్తూ స్కేలుతో కొలవండి. 3 మీటర్ల దూరం నుంచి, ఛాతీ ఎత్తులో కెమెరా పట్టుకుని తీస్తే, గుడ్డు ఎత్తు దాని వెడల్పులో ఇంచుమించు సగం వస్తుంది. అదే ఎత్తులో 30 మీటర్ల నుంచి తీస్తే వెడల్పులో ఇరవయ్యో వంతే, అంటే గీతలా కనిపిస్తుంది. గుండ్రాలు గీతల్లా ఉండి, వాటిలో మనుషులు పెద్దపెద్దగా కనిపిస్తుంటే, తీసినవాడు చాలా దూరంలో ఉన్నాడని ధైర్యంగా రాయొచ్చు. ఆ ఫోటో చూసి "జనం ఎడం పాటించలేదు" అని మాత్రం రాయకూడదు. క్యూకి పక్కనుంచి తీసిన ఫోటో దొరికితేనే ఆ మాట అనగలం.

ఇది తెలియగానే పిల్లలకు ఒక హుషారొస్తుంది, ప్రతి ఫోటోగ్రాఫర్నీ దొంగను చేసేస్తారు. ఆగండి. ఆ రోజుల్లో దూరంగా నిలబడటం ఫోటోగ్రాఫర్‌కు కూడా రక్షణే. ఇంటికెళితే అతనికీ అమ్మా నాన్నా ఉన్నారు. టెలీ లెన్స్ వాడటం మోసం కాదు. దాని కింద "గుంపులు గుంపులుగా జనం" అని క్యాప్షన్ పెడితే అప్పుడు ఆలోచించాలి.

దగ్గరి ఫోటోలకూ ఇదే పరీక్ష. 2020 మేలో పీటీఐ ఫోటోగ్రాఫర్ అతుల్ యాదవ్ ఢిల్లీలో నిజాముద్దీన్ వంతెన దగ్గర తీసిన ఫోటో ఉంది. రోడ్డు పక్కన కూర్చుని ఫోన్లో మాట్లాడుతూ ఏడుస్తున్న ఒక వలస కార్మికుడు. ఇల్లు బీహార్‌లో, దగ్గర దగ్గర 1200 కిలోమీటర్లు. ఈ ఫోటో మీద నేను చూసిన రాతలన్నీ ఆ ఏడుపు చుట్టూనే తిరుగుతాయి. ఏడుపు గురించి ఒక్క వాక్యం చాలు, చూసేవాడికి కళ్లున్నాయి. దూరం గురించి రాయండి. పరాయి మనిషి ఎదురైతే నాలుగడుగులు పక్కకు జరిగే రోజులవి. యాదవ్ ఆగి, అతనితో మాట్లాడారు, ఎక్కడికెళ్లాలని అడిగారు. అంటే మాట వినపడేంత దగ్గర. ఆ నెలలో అంత దగ్గరికి వెళ్లడమే ఒక వార్త.

మూడోది, అడ్డు. లాక్‌డౌన్ ఫోటోల్లో ఏదో ఒక అడ్డు తరచూ ఉంటుంది: బారికేడ్, గేటు, అద్దం, ప్లాస్టిక్ తెర, రైలు కిటికీ ఊచలు. కెమెరా దానికి ఏ వైపుందో చూడండి. 2021 వరల్డ్ ప్రెస్ ఫోటో ఆఫ్ ద ఇయర్ డెన్మార్క్ ఫోటోగ్రాఫర్ మాడ్స్ నిస్సెన్‌ది. బ్రెజిల్‌లోని సావో పాలోలో ఒక వృద్ధాశ్రమం, 2020 ఆగస్టు. అయిదు నెలల్లో మొదటిసారిగా ఒక పెద్దావిడను ఒక నర్సు ప్లాస్టిక్ తెర మీంచి కౌగిలించుకుంటోంది. తెర అంచులు పసుపుపచ్చ. అందులో కెమెరా ఎవరి వైపున ఉందో నేను చెప్పను. మీరే చూసి, మూడు వాక్యాలు రాసుకోండి.

మన దగ్గరిది ఒకటి. వలస కార్మికుల మొదటి ప్రత్యేక రైలు 2020 మే 1 తెల్లవారుజామున మన లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హటియాకు బయల్దేరింది, సుమారు 1200 మందితో. ఆ రోజు ఫోటో ఏది దొరికినా ముందు కింద ఉన్న క్రెడిట్ చదవండి. ఏజెన్సీ పేరుందా, ఏదైనా ప్రభుత్వ శాఖ పేరుందా? ప్లాట్‌ఫాం మీద ఎవరి పక్కన నిలబడితే ఆ ఫోటో వచ్చిందో సగం అక్కడే తెలుస్తుంది. రైల్లో ఉన్నవాళ్లు లోపల్నుంచి ఫోన్లో తీసిన ఫోటో ఏదైనా మీకు దొరికితే, మీ ప్రాజెక్టుకు దాన్ని మించింది లేదు.

ఇప్పుడు రాత. ఒక రేషన్ షాపు క్యూ ఫోటో మీద మామూలుగా వచ్చే పేరా ఇలా ఉంటుంది:

"కరోనా మహమ్మారి ప్రపంచాన్ని వణికించింది. ఈ ఫోటోలో పేదల కష్టాలు కళ్లకు కట్టినట్టు కనిపిస్తున్నాయి. ఫోటోగ్రాఫర్ ఎంతో చక్కగా బంధించారు."

ఈ మూడు వాక్యాల్ని ఏ ఫోటో కింద పెట్టినా సరిపోతాయి, వీటితో గొడవే అది. అదే ఫోటో మీద ఈ పాఠం తర్వాత:

"కెమెరా నిలబడ్డ మనిషి నడుం ఎత్తులో ఉంది, క్యూలో కింద కూర్చున్న ముసలావిడ కళ్లకు సమానంగా. నిలబడ్డవాళ్ల తలలు ఫ్రేమ్ పైన తెగిపోయాయి. ముందున్న గుండ్రం ఎత్తు దాని వెడల్పులో దాదాపు సగం ఉంది కాబట్టి తీసినతను దానికి రెండు మీటర్ల దగ్గర్లోనే ఉన్నాడు. ఆవిడ గుండ్రంలో సంచి మాత్రమే ఉంది, ఆవిడ పక్కన నీడలో కూర్చుంది. షాపు కౌంటర్ ఫోటోలో లేదు. అందుకే ఈ క్యూ ఎంత పొడవో, ఎంతసేపో మనకు తెలియదు, ఆవిడకూ తెలిసినట్టు లేదు."

చివరి ముక్క కొంచెం ఎక్కువైందని నాకూ అనిపిస్తోంది. "తెలిసినట్టు లేదు" అన్నది ఫోటోలో లేదు, నా నోట్లోంచి వచ్చింది. కొట్టేయండి.

వచ్చే పాఠానికి పని. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఎవరో ఒకరి ఫోన్లో 2020 ఏప్రిల్, మే నెలల ఫోటో ఒకటి ఉంటుంది. అడిగి తీసుకోండి, బయట చోటు కనిపించేది అయితే మంచిది. ఫోటో వివరాల్లో టైం ఉంటుంది, అదే టైంకి ఆ చోటుకు వెళ్లండి. కరెంటు స్తంభం, గోడ మూల, గేటు ఒకదాని వెనక ఒకటి ఫోటోలో ఎలా కలుస్తున్నాయో చూసుకుంటూ ముందుకీ వెనక్కీ, పక్కకీ జరగండి. అవన్నీ సరిగ్గా కలిసినచోట ఆగి, పాదాల దగ్గర సుద్దముక్కతో గుర్తు పెట్టండి. నీడలు అప్పటిలా పడాలంటే అదే నెల దాకా ఆగాలి, ఇప్పటికి అది వదిలేయండి. అక్కడినుంచి ఒక ఫోటో తీసుకోండి. తర్వాత పాత ఫోటో తీసినవాళ్లను పిలుచుకొచ్చి ఆ గుర్తు మీద నిలబెట్టి, అప్పుడు ఇంకో అడుగు ముందుకు ఎందుకు వేయలేదని అడగండి. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. నాలుగో పాఠంలో దానికి క్యాప్షన్ రాద్దాం.