ఇల్లు కొనే ముందు చేతి డబ్బు లెక్క: ఒక కర్నూలు టీచరు మాట

2019 డిసెంబరులో కర్నూలుకు హైకోర్టు అన్న మాట అసెంబ్లీలో వినపడింది మొదలు, మా ఊళ్లో టీ కొట్ల దగ్గర కూడా సెంట్ల లెక్కలే. ఓర్వకల్లు దారిలో చేను చూపించి, "రేపు కోర్టొచ్చిందంటే మూడింతలిచ్చినా దొరకదు మేడం, సూడండి" అని బ్రోకరు ఊరించిన రోజుల్లోనే మేం ఇల్లు వెతకడం మొదలుపెట్టాం. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో టీచరును, మా ఆయనకు వన్‌టౌన్‌లో సెల్‌ఫోన్ రిపేరు షాపు. 2021 మార్చిలో కల్లూరు వైపు మూడు సెంట్లలో పాత డాబా ఇల్లు 42 లక్షలకు కొన్నాం. మూడు రాజధానుల పేరుతో హైకోర్టును ఇక్కడికి తెస్తామన్న చట్టాలను ప్రభుత్వం అదే ఏడు నవంబరులో వెనక్కి తీసుకుంది. ఇప్పుడు హైకోర్టు బెంచి అంటున్నారు కాబట్టి బ్రోకర్లది మళ్లీ అదే పాట.

ధరలు మండుతున్నప్పుడు అందరూ అడిగేది "లోను ఎంతొస్తుంది?" అనే. మీరు మాత్రం "చేతి నుంచి ఎంత పెట్టాలి?" అని అడగండి. మమ్మల్ని దాదాపు ముంచింది అదే.

ఎట్లంటే, ఇల్లమ్మే ఆయన డాక్యుమెంటు 30 లక్షలకే రాయించుకోమన్నాడు, మిగతా 12 నోట్ల కట్టలుగా ఇవ్వమన్నాడు. రిజిస్ట్రేషన్ ఖర్చు మీకూ తగ్గుతుంది కదా అని ఆశ పెట్టాడు. మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, అన్నీ కలిపి నూటికి ఏడున్నర. 30 లక్షల మీద అది 2.25 లక్షలు, 42 మీద 3.15. తొంభై వేలు మిగులుతాయని మా ఆయన కూడా మెత్తబడ్డాడు. రాత్రి ఒక నోటుబుక్కు చివరి పేజీలో లెక్క వేశాను. బ్యాంకు చూసేది డాక్యుమెంటు విలువను, వాళ్ల ఇంజినీరు వేసిన విలువను. ఏది తక్కువైతే దాని మీద నూటికి 80 ఇస్తామన్నారు. 30 లక్షల మీద 24 వస్తుంది, చేతి నుంచి 18 పెట్టాలి. 42 మీద 33.6 వస్తుంది, చేతి నుంచి 8.4 చాలు. తొంభై వేలకు ఆశపడితే 9.6 లక్షలు ఎక్కువ వెతుక్కోవాలన్నమాట. పైగా ఇంటి లావాదేవీలో 20 వేలు, అంతకు మించి నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. మూడు రోజులు పట్టుబట్టి, మొత్తం 42 లక్షలకే రాయించాం.

రిజర్వు బ్యాంకు పరిమితి కూడా తెలుసుకోండి: 30 లక్షల లోపు లోనుకు ఇంటి విలువలో నూటికి 90 దాకా, 75 లక్షల దాకా 80, ఆపైన 75 ఇవ్వొచ్చు. ఇవ్వొచ్చంటే ఇస్తారని కాదు. స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చులు మామూలుగా ఆ విలువలో కలవవు.

33.6 లక్షలకు అర్హత ఉన్నా మేం 28 తోనే ఆగాం. అప్పుడు వడ్డీ ఏడు శాతం, ఇరవై ఏళ్లకు నెలకు 21,700. నా జీతం చేతికొచ్చేది 52 వేలు. షాపు మీద ఐటీ రిటర్నులు వేయలేదు కాబట్టి మా ఆయన సంపాదనను బ్యాంకు లెక్కలోకే తీసుకోలేదు. రెండు మూడేళ్లలో కొనాలనుకునే వ్యాపారస్తులు ఈ ఏడే రిటర్నులు వేయడం మొదలుపెట్టండి.

ఇక చేతి నుంచి 14 లక్షలు, రిజిస్ట్రేషన్, బ్రోకరుకు నూటికి ఒకటి, లాయరు, బ్యాంకు చిల్లర ఖర్చులు కలిపి 17.75 లక్షలు అయింది. ఎఫ్‌డీలు 8, అయిదు లక్షల చీటీ 75 వేలకు పాడితే 4.25, బంగారం కుదువ పెట్టి 3, మా అమ్మ ఇచ్చింది 2.5. చీటీ రిజిస్టరైందో లేదో చూసి కట్టండి. రెండు రూపాయల వడ్డీకి మాత్రం పోవద్దు. అది ఏడాదికి 24 శాతం. అప్పటి మా ఇంటి లోను ఆ లెక్కన చూస్తే నూటికి నెలకు అరవై పైసలు కూడా పడలేదు.

ఈ ఇంటికి ముందు నంద్యాల చెక్‌పోస్టు దగ్గర ఒక ఇంటికి లక్ష అడ్వాన్సిచ్చి పోగొట్టుకున్నాం. ఇంకో పార్టీ సాయంత్రం వస్తోందంటే, పొద్దున్నే అగ్రిమెంటు రాసేశాం. తర్వాత బ్యాంకు లాయరు లింకు డాక్యుమెంట్లు (ఆ ఇల్లు ముందు ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పే పాత కాగితాలు) చూసి, అమ్మేవాళ్ల భాగపరిష్కారంలో ఆ ఇంటి కూతురి సంతకం లేదు, లోను కుదరదన్నాడు. గడువు దాటింది, అడ్వాన్సు పోయింది. అందుకే రెండో అగ్రిమెంటులో, లీగల్ ఒపీనియన్ తేడా వచ్చి లోను రాకపోతే అడ్వాన్సు వాపసు ఇవ్వాలని ఒక వాక్యం రాయించాను. గడువు కూడా మూడు నెలలు అడిగాను. అడ్వాన్సుకు ముందే ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే కాగితం) తీయండి, 1983 నుంచి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. సర్వే నంబరు 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన ఆస్తుల జాబితాలో ఉందేమో చూడండి. అసైన్డు, దేవాదాయ, వక్ఫ్ భూములు అందులోనే ఉంటాయి.

హంద్రీ నది వైపు ఇల్లయితే 2009 అక్టోబరు వరద గురించి అమ్మే వాళ్లను కాదు, పక్కింటి వాళ్లను అడగండి. మేం చూసిన ఒక ఇంటి దగ్గర పక్కింటి అవ్వ తలుపు పైగొళ్లెం మీద చెయ్యి పెట్టి, "ఈడికొచ్చినాయి తల్లీ నీళ్లు" అంది. ఇంటి లోపల కొత్త సున్నం తళతళలాడుతోంది.

లోను తీసుకున్నాక కూడా నేనొక తప్పు చేశాను. ఈఎమ్‌ఐ మారలేదు కదా అని రెండేళ్లు స్టేట్‌మెంటు తెరవలేదు. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో రేటు (బ్యాంకులకు రిజర్వు బ్యాంకు అప్పిచ్చే వడ్డీ) 4 నుంచి 6.5కు పోయింది, మా వడ్డీ తొమ్మిదిన్నర అయింది. కట్టిన 21,700లో 21 వేలకు పైగా వడ్డీకే పోయి, అసలుకు జమైంది కొన్ని వందలే. బ్యాంకు ఈఎమ్‌ఐ పెంచకుండా గడువు పెంచుకుంటూ పోయింది. కాబట్టి మొదట్లోనే వడ్డీ రెండున్నర శాతం పెరిగినా కట్టగలరా అని చూసుకోండి. మాకైతే అది 26,100. మేం అంతకే పెంచుకున్నాం, డీఏ బకాయిలొస్తే అసలుకు కడుతున్నాం. ఫ్లోటింగ్ వడ్డీ, అంటే ఇలా మారుతుండే వడ్డీ ఉన్న ఇంటి లోను ముందే తీర్చినా జరిమానా వేయకూడదు. ఇప్పుడు షాపు రిటర్నులు కూడా ఉన్నాయి, వడ్డీ తగ్గిస్తారా, వేరే బ్యాంకుకు మార్చుకోమంటారా అని అడగడానికి వచ్చే నెల పోతున్నాం.