విదేశీ డెప్యుటేషన్: జీతం ఒకటి, కోతలు రెండు

మారతహళ్లిలో మా అపార్టుమెంటులో సగం మంది తెలుగువాళ్లే. నేను వైట్‌ఫీల్డ్‌లో ఒక కంపెనీ జీతాల విభాగంలో పనిచేస్తానని తెలిశాక, ఆదాయపు పన్ను రిటర్నుల జులై వచ్చిందంటే ఆదివారాలు మా ఇంటి బెల్లు ఆగదు. "అన్నా, ఒక్క నిమిషం" అంటారు, గంటన్నర కూర్చుంటారు. అందరూ కంపెనీ పనిమీద విదేశాలకు వెళ్లొచ్చినవాళ్లే. చిక్కులు మాత్రం ప్రతి ఏడూ అవే.

సమస్య 1: ఇక్కడ పీఎఫ్, అక్కడ పింఛను బీమా, రెండూ కోస్తున్నారు

కారణం: కవరేజీ సర్టిఫికెట్ (ఇక్కడ పీఎఫ్ కడుతున్నట్టు రుజువు) లేకుండా విమానం ఎక్కడం. జర్మనీలో పింఛను బీమా చందా జీతంలో 18.6 శాతం, అందులో సగం ఉద్యోగిదే. జర్మనీ, జపాన్, ఫ్రాన్స్ వంటి దేశాలతో మనకు సామాజిక భద్రతా ఒప్పందాలున్నాయి. మొదటిది 2009లో బెల్జియంతో అమలులోకి వచ్చింది. ఇక్కడి కంపెనీ పంపిన ఉద్యోగి ఇక్కడ పీఎఫ్ కడుతూ ఉంటే, అక్కడ కట్టనక్కరలేదు.

పరిష్కారం: పీఎఫ్ చూసే ప్రభుత్వ సంస్థ ఈపీఎఫ్‌ఓకు కంపెనీ ద్వారా దరఖాస్తు చేయించి, సర్టిఫికెట్‌ను అక్కడి జీతాల విభాగానికి ఇవ్వాలి. జర్మనీకి 48 నెలలు, జపాన్‌కు ఐదేళ్లు చెల్లుతుంది. జర్మనీలో ఆరోగ్య బీమాకు ఇది పనికిరాదు, దాన్ని విడిగా చూసుకోవాలి. అక్కడి శాఖలో నేరుగా ఉద్యోగిగా చేరితే సర్టిఫికెట్ ఊసే ఉండదు.

అమెరికా వెళ్లినవాళ్లకు నేను చెప్పగలిగింది ఏమీ లేదు. ఆ దేశంతో ఒప్పందమే లేదు. జీతంలో 6.2 శాతం సోషల్ సెక్యూరిటీ (పింఛను), 1.45 శాతం మెడికేర్ (వృద్ధుల ఆరోగ్య బీమా) కింద పోవలసిందే. అక్కడి పింఛనుకు సుమారు పదేళ్ల చందా కావాలి. రెండేళ్లకు తిరిగొచ్చేవాడికి అది నీళ్లలో పోసిన డబ్బే.

సమస్య 2: ఆరు నెలలు బయట ఉన్నాను, అయినా ఆ జీతమంతా ఇక్కడ లెక్కలోకి వచ్చింది

ఉద్యోగం కోసం వెళ్లే భారత పౌరుడు ఆ ఆర్థిక సంవత్సరంలో ఇక్కడ 182 రోజులు ఉంటే నివాసి. సాధారణ నివాసికి (కొన్నేళ్లుగా ఎక్కువకాలం ఇక్కడే ఉన్న నివాసికి) ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా ఇక్కడ లెక్కే. ఏప్రిల్ 1 నుంచి వేళ్లు మడిచి చూడండి: సెప్టెంబరు 28కి 181 రోజులు, 29కి 182. బయలుదేరిన రోజునూ కలుపుకొని లెక్కపెట్టడమే క్షేమం.

మా మూడో అంతస్తు కుర్రాడిది 29వ తేదీ తెల్లవారుజాము విమానం. బెంగళూరు నుంచి యూరప్ విమానాలు చాలావరకు ఆ వేళకే. హెబ్బాళ్ దగ్గర ట్రాఫిక్‌లో చిక్కుకుని, ఇమిగ్రేషన్ కౌంటరుకు చేరేసరికి పన్నెండు ఇరవై అయింది. పాస్‌పోర్టులో 29 ముద్ర. అరగంట ముందు వెళ్తే 28 పడేది.

తిరిగొచ్చే ఏడాది లెక్క మరోలా ఉంటుంది. ముందటి నాలుగేళ్లలో 365 రోజులు ఇక్కడ గడిపినవారు ఆ ఏడాది 60 రోజులు ఉన్నా చాలు, నివాసి అయిపోతారు. లీపు కాని ఏడాదిలో జనవరి 31న దిగితే మార్చి ఆఖరుకు 60 రోజులు, ఫిబ్రవరి 1న దిగితే 59. మధ్యలో పెళ్లికనో పండగకనో వచ్చిన రోజులూ కలుస్తాయి. తిరుగు టికెట్ తీసుకునే ముందు క్యాలెండరు చూడండి.

సమస్య 3: అక్కడ పన్ను కట్టాను, ఇక్కడా కట్టమని నోటీసు వచ్చింది

2025-26 వరకు ఆదాయాలకైతే ఫారం 67 (అక్కడ కట్టిన పన్నును ఇక్కడ సర్దుబాటు చేయమని అడిగే ఫారం) దాఖలు చేయకపోవడమే సాధారణంగా కారణం. రిటర్నులో చూపాం కదా అనుకుంటారు, అది చాలదు. అక్కడ పన్ను కట్టినట్టు రుజువు జతచేయాలి. రూపాయల్లోకి మార్చేటప్పుడు గూగుల్ రేటు వేయకండి. పన్ను కోసిన నెలకు ముందు నెల ఆఖరి రోజున స్టేట్ బ్యాంకు టీటీ కొనుగోలు రేటు (విదేశీ కరెన్సీని ఆ బ్యాంకు కొనే రేటు) వేయాలి. ఆ ఆదాయంపై అక్కడి పన్ను, ఇక్కడి పన్నులలో ఏది తక్కువో అంతే సర్దుబాటు అవుతుంది.

సమస్య 4: మూయడం మరచిన విదేశీ ఖాతా

నలభై యూరోలే ఉన్నా, సాధారణ నివాసి అయినవారు రిటర్నులో విదేశీ ఆస్తుల పట్టిక నింపాల్సిందే. ఐటీఆర్-1లో ఆ పట్టిక ఉండదు, ఐటీఆర్-2 తీసుకోవాలి. చూపకపోతే జరిమానా 10 లక్షలు. 2024 అక్టోబరు నుంచి స్థిరాస్తి కాని ఆస్తులన్నీ కలిపి 20 లక్షల లోపుంటే ఆ జరిమానా లేదు, చూపాల్సిన బాధ్యత మాత్రం ఉంది. ఈ పట్టికకు జనవరి నుంచి డిసెంబరు లెక్క. అక్కడి సిమ్ కార్డు వదిలేసే ముందే స్టేట్‌మెంట్లు దించుకోండి, తర్వాత ఓటీపీ రాక బ్యాంకు యాప్ తెరుచుకోదు.