సంక్రాంతికి చేతి కానుకలు – రెండో పాఠం: ఒక చీర, ఒక బొంత

మొదటి పాఠంలో చెప్పిన పని చేశారా? ఇవ్వాల్సిన వాళ్ళ పేర్లు రాసుకుని, అందులోంచి మూడే ఉంచమన్నాను. బీరువా అడుగున పడున్న నూలు చీరలు బయటికి తీయమన్నాను. పేర్లు ఇంకా ఏడో ఎనిమిదో ఉంటే ఇక్కడే ఆగి కొన్ని కొట్టేయండి. చేత్తో కుట్టేది అందరికీ ఇవ్వలేం. మిగిలినవాళ్ళకి నాలుగో పాఠంలో కందిపొడి ఉంది.

చెన్నైలో భోగి అంటే పాత బట్టలు మంటలో వేయడం అనుకునే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. 2018 భోగి పొద్దున ఆ మంటల పొగ, మంచు కలిసి ఎంత కమ్మాయంటే, ఇక్కడ దిగాల్సిన విమానాలను వేరే ఊళ్ళకి మళ్ళించారు. ఆ మంటలో పడే చీరే ఈసారి మన సరుకు. ఎన్నో ఉతుకులు తిన్న నూలు చీరకున్న మెత్తదనం కొత్త గుడ్డకి రాదు, ఎంత డబ్బు పెట్టినా.

లెక్క

జాకెట్టు ముక్క తీసేసిన చీర మామూలుగా అయిదున్నర మీటర్లు. పన్నా, అంటే వెడల్పు, 45 అంగుళాలు. పొడవును మూడు మడతలు వేస్తే ఒక్కో మడత 183 సెంటీమీటర్లు, అంటే ఆరడుగులు. ఒక్క చీరతో, కత్తెర పెట్టకుండా, ఒక మనిషికి సరిపోయే మూడు పొరల బొంత వస్తుందన్నమాట. నాలుగు మడతలు వేస్తే నాలుగున్నర అడుగులు, చంటిపిల్లలకి బాగుంటుంది. జనవరిలో కూడా చెన్నై రాత్రులు 20 డిగ్రీల దగ్గరే ఆగుతాయి కాబట్టి మూడు పొరలు చాలు. మీ చీర పాతది, కుంచించుకుపోయి ఉండొచ్చు. నా లెక్క నమ్మకుండా టేపు పెట్టి కొలుచుకోండి.

పట్టు, సిల్కు, పాలిస్టరు వద్దు, జారిపోతాయి. జరీ అంచుంటే కోసేయండి, గుచ్చుకుంటుంది. కింద వేసిన ఫాల్ విప్పేయండి. గంజి ఉంటే రెండుసార్లు ఉతికి పూర్తిగా పోగొట్టండి. గంజి గుడ్డలో సూది దిగదు, పైగా పురుగు పడుతుంది.

కావలసినవి: లావు నూలు దారం, కన్ను పెద్దగా ఉన్న సూదులు రెండు (దబ్బనం కాదు, అది గోనెసంచులకి), టాకాలకి (పొరలు కదలకుండా ముందు వేసే తాత్కాలిక కుట్లకి) తెల్ల దారం, వేలితొడుగు. ఈ తొడుగునే టైలర్లు అంగుస్తానా అంటారు. నాకు పోయినేడు మొత్తం 150 రూపాయలు దాటలేదు. టోకున కొనాలంటే చెన్నైలో పారిస్ కార్నర్ వెనక వీధులకి వెళ్ళాలి. రెండు ఉండల దారానికి అంత దూరమా అనకండి. 2021 నుంచి ఇక్కడి మామూలు సిటీ బస్సుల్లో ఆడవాళ్ళకి ప్రయాణం ఉచితం. ఎర్ర దారం కొంటే మాత్రం తడిపి తెల్లగుడ్డ మీద రుద్ది చూడండి. రంగు దిగితే బొంత మొత్తం పాడవుతుంది.

మడత

మంచం మీద కాదు, తుడిచి ఆరిన నేల మీద పరవండి. చీరను ముందు వెలుతురుకి ఎత్తి పట్టి చూడండి. పలచబడ్డ చోటు ఎక్కడుందో తెలిస్తే అది పైకి కాకుండా అడుగు పొరలోకి వచ్చేలా మడత మొదలుపెట్టే కొస మార్చుకోవచ్చు. వీలైతే కొంగు పైకి రావాలి. అమ్మ చీర కొంగు ఎవరికైనా చూడగానే గుర్తొస్తుంది.

విసనకర్ర మడతలా అటూ ఇటూ వేయండి. మూడు మడతలైతే ఒక్కో చివర ఒక మడత, ఒక కొస ఉంటాయి. కొసను అంగుళం లోపలికి మడిచి పెట్టండి. పక్కల నేత అంచులే ఉంటాయి కాబట్టి అక్కడ పోగులు ఊడవు. చేత్తో మధ్యలోంచి బయటికి నిమరండి. నాలుగు మూలలా పప్పుల డబ్బాలు బరువు పెట్టండి.

టాకాలు

ఈ పాఠంలో అసలైనది ఇదే. చాలామంది దీన్ని దాటేసి కుట్టు మొదలుపెడతారు. నేనూ దాటేశాను. నా మొదటి బొంతకి టాకాలు వేయకుండా ఒక పక్క నుంచి కుట్టుకుంటూ పోయాను, ఆపైన రెండో పక్క నుంచి. సగానికొచ్చేసరికి వదులంతా నడుమ చేరి బుడగలా లేచింది. నెల్లూరు నుంచి వచ్చిన పెద్దమ్మ చూసి, "ఏమే, నీ బొంత కడుపుతో ఉందే!" అంది. పన్నెండు వరసలు విప్పాను.

అందుకే ముందు నడిమధ్యన నిలువుగా ఒక టాకా, అడ్డంగా ఒకటి. అక్కడి నుంచి జానెడు ఎడంతో అంచుల వైపు వెళ్ళండి. గుడ్డలో వదులు ఎక్కడున్నా బయటికి తోసుకుపోతుంది. టాకాలు రెండేసి అంగుళాల పొడవున్నా పర్వాలేదు, అందంగా ఉండక్కర్లేదు, చివర్లో లాగేస్తాం.

వరసలు

దారం మూరెడే తీసుకోండి. బారెడు తీస్తే చిక్కులు పడుతుంది. ముడి పొరల మధ్యలోకి లాగేస్తే పైకి కనబడదు. కుట్టు బియ్యపు గింజంత. సూది మీద నాలుగైదు కుట్లు ఎక్కించి ఒకేసారి లాగండి. బిగించొద్దు, ముడతలు ఎక్కువైతే బొంత పొట్టిదవుతుంది. ఎడమచేయి అడుగున పెట్టి, సూది మొన వేలికి తగిలితేనే మూడో పొర పట్టినట్టు లెక్క. వేలు గుచ్చుకుని రక్తపు చుక్క పడితే వెంటనే చల్లనీళ్ళు పోయండి. వేడినీళ్ళు పోస్తే మరక అలాగే ఉండిపోతుంది.

మొదటి వరస మధ్యలో నిలువుగా. తర్వాత కుడికొకటి, ఎడమకొకటి, ఒకటిన్నర అంగుళం ఎడంతో. 45 అంగుళాల పన్నాకి సుమారు 30 వరసలు పడతాయి. ధనుర్మాసంలో పాడే తిరుప్పావైలో పాశురాలూ ముప్ఫయ్యే. ఈ నెలంతా మా వీధి గుడి మైకులో రోజూ తెల్లవారకముందే పాశురం మొదలవుతుంది. ఇక నిద్ర ఎలాగూ పట్టదు, నేను ఆ వేళకే ఒక వరస కుడతాను. ఆరడుగుల వరసకి నాకు ఇరవై అయిదు నిమిషాలు పడుతుంది. మీకు మొదట్లో ముప్పావుగంట పట్టొచ్చు. ఏదైనా రోజు తప్పితే మర్నాడు రెండు కుట్టాలని టెన్షన్ పడకండి. ఎడం రెండు అంగుళాలు చేసుకుంటే వరసలు 22కి తగ్గుతాయి, బొంత ఏమీ ఊడిపోదు.

గంతకు తగ్గ బొంత అన్నారు కదా, కుట్టేముందు ఎవరికో ఆలోచించండి. మోకాళ్ళ నొప్పులున్న మామ్మకి ఆరడుగులు బరువు, నాలుగు మడతలదే ఒళ్ళో వేసుకుంటుంది. ఢిల్లీలో ఉన్న తమ్ముడికి మూడు పొరలు చాలవు. రెండు చీరలు కలిపి ఆరు పొరలు చేయాలంటే చేత్తో కుట్టడం నిజంగా కష్టం. వాడికి ఈ ఏడాది కందిపొడే.

వచ్చే పాఠంలో చుట్టూ అంచు కుట్టడం, ఉతకడం, మిగిలిన జాకెట్టు ముక్కతో మూట కట్టడం. అప్పటికి కనీసం పది వరసలు అయ్యుండాలి. టాకాలు మాత్రం నేను చెప్పేదాకా విప్పకండి.