గర్భిణికి, బాలింతకు కుంగుబాటు వస్తే మాటల చికిత్స ఎలా మొదలుపెట్టాలి

కాన్పు అయిన మూడో రోజునో నాలుగో రోజునో బాలింతకు ఊరకే కన్నీళ్లు రావడం, చిన్నమాటకే చిరాకు పడటం చాలామందిలో కనిపిస్తుంది. అది సాధారణంగా రెండు వారాల లోపు దానంతటదే తగ్గుతుంది. రెండు వారాలు దాటినా దిగులు వదలకపోయినా, బిడ్డ నిద్రపోతున్నా తల్లికి కునుకు పట్టకపోయినా, బిడ్డను ఎత్తుకోవాలని కూడా అనిపించకపోయినా దానిని కుంగుబాటుగా అనుమానించాలి. ఇది కడుపుతో ఉన్నప్పుడే మొదలు కావచ్చు కాబట్టి, పురుడు పోసుకుంటే అన్నీ సర్దుకుంటాయని ఆగడం మంచిది కాదు.

ముందుగా ఆసుపత్రిలో కుంగుబాటును పసిగట్టే ఎడిన్‌బరో ప్రశ్నావళి అడగమని కోరండి. 1987లో వెలువడిన ఈ ప్రశ్నావళిలో గడిచిన 7 రోజుల గురించి 10 ప్రశ్నలు ఉంటాయి. మొత్తం మార్కులు 30. 10 గానీ అంతకు మించి గానీ వస్తే డాక్టరు వివరంగా పరీక్షించాలి. పదో ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించి కనుక, దానికి అవునని ఏ కొంచెం సూచన వచ్చినా మొత్తం మార్కులతో పని లేకుండా అదే రోజు సహాయం అందాలి. రక్తహీనత, థైరాయిడ్ లోపం కూడా ఇలాంటి నీరసాన్నే తెస్తాయి, ఆ రక్తపరీక్షలూ చేయించండి.

చికిత్స అనగానే మాత్రలే గుర్తుకొస్తాయి గానీ, తేలికపాటి, మధ్యస్థ కుంగుబాటుకు మాటల చికిత్స బాగా పనిచేస్తుంది. పాకిస్తాన్‌లోని రావల్పిండి పల్లెల్లో మన ఆశా కార్యకర్తల వంటి ఆరోగ్య కార్యకర్తలే శిక్షణ పొంది, గర్భం చివరి నెల నుంచి మొదలుపెట్టి ఇళ్లకు వెళ్లి 16 సార్లు తల్లులతో కూర్చున్నారు. బిడ్డకు ఆరు నెలలు వచ్చేసరికి ఈ చికిత్స పొందిన తల్లుల్లో నూటికి 23 మందిలో, పొందనివారిలో 53 మందిలో కుంగుబాటు ఉన్నట్లు 2008లో తేలింది. పెద్ద డిగ్రీల కంటే పద్ధతీ, క్రమం తప్పని రాకా ముఖ్యమని నాకు దీనివల్ల గట్టి నమ్మకం కుదిరింది.

ఆ పద్ధతిలో మొదటి మెట్టు, మనసును కుంగదీసే ఆలోచనను పట్టుకోవడం. రాత్రి రెండు గంటలకు పాలిచ్చినా బిడ్డ ఏడుపు ఆపడు. "నాకు పాలు చాలడం లేదు, నేను తల్లిగా పనికిరాను" అన్న ఆలోచన వస్తుంది. దానిని నోటుపుస్తకంలో ఉన్నదున్నట్లు రాయాలి. పక్కనే రుజువు రాయాలి: బిడ్డ రోజుకు ఎన్నిసార్లు తడుపుతున్నాడు, బరువు ఎంత పెరిగాడు, కడుపునొప్పితో ఏడ్చి ఉండవచ్చా. ఆ తరువాత ఆమె తన మాటల్లో మరో వాక్యం రాసుకోవాలి. ఆ వాక్యాన్ని సలహాదారుగానీ అత్తగారుగానీ అందించకూడదు.

దీనితోపాటు రోజుకు ఒక చిన్న పని సమయంతో సహా నిర్ణయించుకోవాలి. "కాస్త తిరుగుతాను" అని కాక, సాయంత్రం 5 గంటలకు డాబా మీద పది నిమిషాల నడక అని రాసుకోవాలి. ఉత్సాహం వచ్చాక పని చేద్దామని ఆగితే అది రాదు. చాలాసార్లు పని చేశాకే కొద్దిగా వస్తుంది.

ఇంట్లోవారు చేయవలసిన మేలు ఏమిటంటే, సలహాదారు తల్లితో కూర్చునే అరగంట బిడ్డను తీసుకుని గది తలుపు దగ్గరగా వేయడం. తలుపు దగ్గర ఎవరో వింటున్నారని తెలిస్తే ఏ కోడలూ నోరు విప్పదు. భర్త ఒకటి రెండు సార్లు ఆమె అనుమతితో కూర్చుని, రాత్రి నిద్ర వంతులు మాట్లాడుకుంటే మంచిది.

కుంగుబాటు తీవ్రంగా ఉంటే మందులూ అవసరమే. పాలిచ్చే తల్లులు వాడదగినవి ఉన్నాయి కనుక సొంతంగా మానేయకూడదు. ఎవరో మాట్లాడుతున్నట్లు వినిపించడం, నిద్ర లేకుండా అయోమయంగా తిరగడం, బిడ్డకు హాని చేసే ఆలోచన కనిపిస్తే అది అత్యవసరం; తల్లీబిడ్డలను ఒంటరిగా వదలక వెంటనే మానసిక వైద్యుడున్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. మూడేళ్లలోపు బిడ్డను చికిత్సలో ఉన్న తల్లి నుంచి మామూలుగా వేరు చేయరాదని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతుంది. ఎక్కడికి వెళ్లాలో తెలియనప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు.

మన ఇళ్లలో చికిత్స తెగిపోయేది ఎక్కువగా మూడో నెలలోనో ఐదో నెలలోనో, బాలింత పుట్టింటి నుంచి అత్తింటికి వెళ్లేటప్పుడు. ప్రయాణానికి ముందే తరువాతి నాలుగు సమావేశాల తేదీలు ఫోన్‌లోనైనా ఖాయం చేసుకుని, ఆ నోటుపుస్తకాన్ని బిడ్డ టీకాల కార్డుతో పాటే సంచిలో పెట్టండి.